ముందు కన్ను, తర్వాత టేపు

ముందు పోయినవన్నీ లెక్క వేస్తాను. లెక్క వేయకుండా ఏ పనీ మొదలుపెట్టలేని మనిషిని.

ఒక మనిషి పోయాడు. ఆయనతో పాటు, కెమెరాకీ నటుడి ముక్కుకీ మధ్య దూరాన్ని టేపు లేకుండా చెప్పగలిగే కన్ను పోయింది. బోల్టు ఎంత బిగిస్తే చాలో తెలిసిన ఐదు వేళ్లు పోయాయి. ఆలోచించేటప్పుడు ఎడమ చెయ్యి గాల్లో నెమ్మదిగా తిరిగే ఒక అలవాటు పోయింది. ఫిల్మ్ నగర్‌లో నా ప్లైవుడ్ షెడ్డు ముందు, పొద్దున ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా గడిచిన ముప్ఫై ఒక్క ఆదివారాలు పోయాయి. వాటిలో తాగిన చాయ్‌లు సుమారు నూట ఇరవై. ఒక నల్లటి కార్బన్ సైకిలు, ఏడు కిలోల ఎనిమిది వందల నలభై గ్రాములది, మనిషి కంటే చాలా ముందే గోడకెక్కి పోయింది. ఇక స్నేహం ఒకటి. దాన్ని ఏ వరసలో వేయాలో తెలియక చివర వేశాను. ఆయన వైపు అది నిండుగానే ఉండేది. నా వైపే ఎప్పుడూ కొంత తక్కువ తూగేది.

ఆ తక్కువ ఎంతో కిందటి వారం తెలిసింది.

ఆయన పేరు రాయను. సైకిళ్ల కుర్రాళ్లు ‘ఫోకస్ అన్న’ అనేవారు, అది చాలు. సినిమాల్లో ఫోకస్ పుల్లర్‌గా చేసేవాడు. కెమెరా పక్కన నిలబడి, నటుడు ముందుకు వస్తుంటే, వెనక్కి పోతుంటే, లెన్సు మీది ఉంగరాన్ని దానికి తగ్గట్టు తిప్పుతూ బొమ్మ మసకబారకుండా చూసే పని. అప్పటికింకా ఫిలిం రీళ్ల రోజులు. బొమ్మ మసకబారిందో లేదో ల్యాబులో కడిగి చూస్తే గాని తెలిసేది కాదు. అందాకా డైరెక్టరు, కెమెరామన్, కోట్లు పెట్టినవాడు, అందరూ ఈయన వైపు తిరిగి ‘వచ్చిందా?’ అని అడిగేవారు. ఈయన ‘వచ్చింది’ అనేవాడు. అంతే, అక్కడికి దీపాలు ఆర్పేసేవారు.

నేను అదే స్టూడియోలో సెట్లు వేసేవాళ్ల దగ్గర లెక్కలు కట్టేవాణ్ణి. పెద్ద చదువు అనుకోకండి. ఇంటర్ తప్పాను, అదీ లెక్కల్లోనే. కృష్ణా జిల్లా నుంచి వచ్చి, ఒక రాజమహలుకి ఎన్ని ప్లైవుడ్ షీట్లు పడతాయి, ఎన్ని కిలోల మేకులు, ఎన్ని లీటర్ల రంగు అన్నది నాకు నేనే నేర్చుకున్నాను. మాదాపూర్‌లో అద్దాల మేడలు లేవడం మొదలయ్యాక రాజమహళ్లు వదిలేసి సాఫ్ట్‌వేర్ ఆఫీసుల అడ్డగోడలకి లెక్కలు కట్టసాగాను. రాజమహలుకైనా ఆఫీసుకైనా లోపల ప్లైవుడ్ ఒకటే.

ఆయన్ని మొదటిసారి గమనించింది సెట్లోనే. నేను వేయించిన గోడ ఒకటి కెమెరాకి మరీ దగ్గరైందని గొడవ. తొమ్మిదడుగులే ఉందని వాళ్లు, పన్నెండు వదిలానని నేను. ఈయన మధ్యలోకి వచ్చి, ఒక కన్ను మూసి గోడ వైపు చూశాడు. ఎడమ చెయ్యి గాల్లోనే ఏదో ఉంగరం తిప్పుతున్నట్టు తిరిగింది. జేబులోంచి తెల్లటి టేపు ముక్క తీసి పెట్టె మీద అంటించి, దాని మీద ఏదో రాసి, అరచేత్తో మూసిపెట్టాడు.

“సారూ, ఇగ టేపు పట్టుండ్రి,” అన్నాడు నాతో.

పట్టాను. పదకొండడుగుల నాలుగంగుళాలు. ఆయన అరచెయ్యి తీశాడు. పదకొండు, నాలుగు.

“ఎటూ కొలిచేదానికి ముందు రాయడం ఎందుకు? కొలిచి రాస్తే సరిపోయేదిగా?” అన్నాను.

“ముందు కన్ను, తర్వాత టేపు సారూ. టేపు చూసినంక కన్ను అబద్ధం చెప్తది.”

“కన్ను తప్పితే?”

“తప్పితె తెలుస్తది గద. తెలిస్తె రేపు తప్పదు. కొలిచేదాక ఆగితె హీరో కదిలిపోతడు సారూ.”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను వదిలింది పన్నెండడుగులు కాదన్న సంగతి ఆ నవ్వులో ఎవరికీ గుర్తులేదు, నాకు తప్ప.

ఆ వారమంతా మా ఇంట్లో ఉన్న ప్రతిదాన్నీ ముందు కంటితో కొలిచి, కాగితం మీద రాసి, తర్వాత టేపు పెట్టాను. బీరువా ఎత్తు, మంచం పొడవు, గుమ్మం నుంచి గ్యాసు పొయ్యి దాకా. ఇరవై ఆరింటిలో మూడు సరిపోయాయి. మా ఆవిడ చూసి చూసి, “పులిని చూసి...” అని మొదలుపెట్టి, మిగతా సగం మింగేసి వంటింట్లోకి పోయింది. వాత పెట్టుకున్న నక్కని నేనేనని అర్థం చేసుకోవడానికి లెక్కలు అక్కర్లేదు.

తర్వాత సైకిలు వచ్చింది. నేను అడ్డగోడలు వేయించిన ఒక కంపెనీ మేనేజరు విదేశం నుంచి కార్బన్ ఫ్రేమ్‌సెట్ తెచ్చుకున్నాడు. ఫ్రేమ్‌సెట్ అంటే సైకిలు కాదు. సైకిలు ఎముకలూ, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కూ, అంతే. చక్రాలు, గేర్లు, బ్రేకులు, హ్యాండిల్, సీటు, అన్నీ మనమే ఏరి తెచ్చుకుని మనమే బిగించుకోవాలి. ఆయనకి బెంగుళూరు బదిలీ అయి, విప్పని పెట్టెని నాకు అమ్మేశాడు. పెట్టె ఎత్తి చూస్తే లోపల ఏమీ లేదేమో అనిపించింది. వంటింటి కాటా మీద పెడితే ఫ్రేము తొమ్మిది వందల తొంభై గ్రాములు. మా ఇంట్లో ఇడ్లీ పాత్ర అంతకంటే బరువు.

ఏడు నెలలు పట్టింది నాకు. ప్రతి భాగాన్నీ తూచాను. ప్రతి బోల్టునీ తూచాను. నోటుపుస్తకంలో డెబ్బై రెండు వరసలు. కార్బన్ అంటే గుడ్డ లాంటి నారని జిగురులో ముంచి గట్టిపరిచిన సరుకు. బోల్టు ఎక్కువ బిగిస్తే ఇనుములా వంగదు, లోపలే చిట్లి ఊరుకుంటుంది. అందుకని, ఎంత బిగువు కావాలో అంకె పెడితే అది రాగానే టక్కుమనే రెంచి ఒకటి ప్రత్యేకంగా తెప్పించుకున్నాను. మొత్తం ఏడు కిలోల తొమ్మిది వందల పది గ్రాములు తేలింది. మా షెడ్డు ముందు ఆ సైకిలు నిలబెట్టిన ఆదివారం, నా జీవితంలో నేను పూర్తిగా నా చేతులతో లెక్క తప్పకుండా చేసినది ఇదొక్కటే అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే ఆయన బోరబండ నుంచి తన పాత ఇనుప సైకిలు తొక్కుకుంటూ అటుగా వచ్చి ఆగాడు.

“లెక్కల సారూ, ఏంది గిది? ఎండిన చేప తీరుగ తేలిగ్గున్నది.”

జేబులోంచి రూపాయి బిళ్ల తీసి ఫ్రేము మీద నెమ్మదిగా తట్టుకుంటూ, కళ్లు మూసుకుని విన్నాడు. పైనుంచి కిందిదాకా. “చప్పుడు ఒక్క తీరుగ ఉన్నది. మంచి చెయ్యి చేసింది,” అన్నాడు. సీటు కింద బోల్టు ఒకటి ఇంకా బిగించాల్సి ఉంది. నేను రెంచి తేవడానికి లోపలికి వెళ్లి వచ్చేసరికి, ఎల్ ఆకారపు మామూలు చిన్న కీతో తిప్పేసి, చేతులు దులుపుకుంటున్నాడు.

“అయ్యో, అది ఐదుకి బిగించాలన్నా! ఎక్కువైతే చిట్లుతుంది!”

“చూసుకోండ్రి మరి.”

రెంచిని నాలుగున్నరకి పెట్టి చూశాను. బోల్టు కదలకుండానే టక్కుమంది. ఐదుకి పెట్టాను. వెంట్రుకవాసి కదిలి టక్కుమంది. ఆయన నా భుజం మీదుగా తొంగి చూసి, “ఎంత వచ్చింది సారూ?” అని అడిగాడు, పరీక్ష రాసినవాడిలా నిజంగా తెలుసుకోవాలని. “సరిపోయింది,” అన్నాను. ఆ ఒక్క మాట నా నోట్లోంచి రావడానికి ఎంతసేపు పట్టిందో మాత్రం కొలవలేదు.

ఆ తర్వాత నాలుగు వారాలకి ఏమైందంటే, సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు ఒక్కొక్కరే తమ పెట్టెలు పట్టుకుని మా షెడ్డుకి రావడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో వాళ్ల చేతుల్లో కొత్త జీతాలు ఉండేవి, పొట్టలు అప్పుడే పెరుగుతుండేవి. షెడ్డు నాది. రెంచి నాది. ఏ భాగం ఎంత బరువో రాసిపెట్టిన నోటుపుస్తకం నాది. గేటు దగ్గర కారు దిగి నన్ను చూసి వాళ్లు అడిగేది మాత్రం ఒకటే. “ఫోకస్ అన్న ఉన్నాడా అండీ?”

ఆయన ఉండేవాడు. అందర్నీ కంటితోనే కొలిచేవాడు. “నువ్వు సీటు అర అంగుళం కిందికి దించు తమ్మీ, నీ మోకాలు ఏడుస్తున్నది.” “నీ చేతులు పొట్టి, నీ ఆశ పొడుగు. హ్యాండిల్ జర దగ్గరికి తెచ్చుకో.” నేను టేపు పట్టి సరిచూసేవాణ్ణి. అంతా సరిగ్గానే ఉండేది. ఒక్కటైనా తప్పుతుందేమోనని చూసేవాణ్ణని ఇప్పుడు రాస్తున్నాను. అప్పుడు నాకు నేను చెప్పుకున్న మాట ‘జాగ్రత్త’.

ఇక ఎత్తు సంగతి. షేక్‌పేట వైపు నుంచి ఫిల్మ్ నగర్ మీదుగా జూబ్లీహిల్స్ పైకి ఎక్కే రోడ్డు మా అందరికీ కొలబద్ద. పొద్దున్నే స్టూడియో వ్యాన్లు బయల్దేరకముందు ఎక్కాలి. నా సైకిలు మీద నేను ఎక్కినవాటిలో మంచిది ఏడు నిమిషాల నాలుగు సెకన్లు. పదకొండుసార్ల మీద వచ్చింది అది. ఒకరోజు ఆయన, “ఒక్క రౌండు ఇస్తరా సారూ? కార్బన్ అంటె ఎట్లుంటదో చూస్త,” అన్నాడు. వెళ్లిరా అన్నాను. సీటు ఆయనకి మరీ కింద. కాలికి హవాయి చెప్పులు. పైన నిలబడ్డ కుర్రాడు ఫోన్లో చెప్పాడు: ఆరు నలభై ఒకటి.

నా సైకిలు. ఇరవై మూడు సెకన్లు.

దిగి వచ్చి, సైకిలు నాకు అప్పగిస్తూ, “బండి మంచిగ కట్టిండ్రు సారూ, అదే ఎక్కింది. నేను ఊకె కూసున్న,” అన్నాడు. ఆయన అలా అనకుండా ఉంటే బాగుండేది. గెలిచినవాడు గెలిచానంటే కనీసం తిట్టుకోవడానికి ఏదైనా ఉంటుంది.

కొన్నాళ్లకి ఆయనకీ ఒక ఫ్రేమ్‌సెట్ వచ్చింది. ఒక కెమెరామన్ మోజుపడి కొని, అటక మీద పెట్టి మరిచిపోయి, ఇల్లు మారుతూ ఈయనకి ఇచ్చేశాడు. నల్లటిది, గీత కూడా లేదు. కుర్రాళ్లకి తెలిసింది. ఒకడు చక్రాలు తెచ్చాడు, కొత్తవి కొనుక్కున్నానని. ఒకడు పెడళ్లు, ఒకడు గేర్లు. నేను ఏడు నెలలు గ్రాము గ్రాము వెతికి తెచ్చుకున్నవి ఆయన ముందు మూడు ఆదివారాల్లో వచ్చిపడ్డాయి. అన్నీ పరిచి తూచాను. తూచింది నేనే. ఏడు కిలోల ఎనిమిది వందల నలభై. నా దానికంటే డెబ్బై గ్రాములు తక్కువ. మళ్లీ తూచాను.

ఆయన అడిగింది ఒక్కటే. “సారూ, నా నడుము సంగతి తెలుసు గద. ఇరవై రెండేండ్లు కెమెరా పక్కన వంగి వంగి అది ఇగ వంగనంటున్నది. హ్యాండిల్ జర మీదికి రావాలె. గంత మీదికి వస్తె, నేను సచ్చేదాక తొక్కుత. ఆ లెక్క మీరే కట్టుండ్రి.”

హ్యాండిల్ ఎంత ఎత్తులో ఉండాలన్నది ఒక కోతతో తేలిపోతుంది. ఫోర్కుకి పైన మూడు వందల మిల్లీమీటర్ల గొట్టం ఉంటుంది. అది ఫ్రేము మెడలోంచి పైకి వస్తుంది. దాని మీద బేరింగు మూత, మూత మీద ఎత్తు కోసం రింగులు, రింగుల మీద హ్యాండిల్‌ని పట్టుకునే బిగింపు. అన్నీ ఎక్కించాక పైన మిగిలిన గొట్టాన్ని కోసేయాలి. ఎక్కువ ఉంచి కోస్తే మళ్లీ కోసుకోవచ్చు. తక్కువ ఉంచి కోస్తే అంతే సంగతులు. అతికేది కాదు.

ఆదివారం, ఏడున్నర. షెడ్డు ముందు పాత పేపర్లు పరిచి కూర్చున్నాం. గ్రీజు తుడవడానికి నేను భాగాలు విప్పి, తుడిచి, మళ్లీ ఎక్కించాను. రింగులు మూడు, బిగింపు.

“అన్నీ ఎక్కించినమా సారూ?”

“ఎక్కించాం.” ఆ మాట అన్నప్పుడు అది నిజమేనని నమ్మాను. దీన్ని నా ఖాతాలో వేసుకోవచ్చు.

గీత పెట్టాను, లెక్క కట్టాను. పైకొస నుంచి డెబ్బై ఐదు పాయింట్ మూడు మిల్లీమీటర్లు కోసేయాలి. నేను తల వంచుకుని పుస్తకంలో రాస్తున్నప్పుడు ఆయన ఒక కన్ను మూసి గొట్టం వైపు చూస్తున్నాడని తెలుసు. ఎడమ చెయ్యి గాల్లో తిరిగింది. అప్పుడు తెల్ల పెన్సిల్ ఆయన చేతిలో ఉంది. దాన్ని నేను పట్టించుకోలేదు.

“ఎంత వచ్చింది సారూ?”

“డెబ్బై ఐదు పాయింట్ మూడు.”

గొట్టం వైపు మళ్లీ ఒకసారి చూశాడు. “పక్కానా?”

“పక్కా. ఏం, మీ కన్ను వేరే చెప్తోందా?” కొంచెం పుల్లగానే అన్నాను.

నవ్వాడు. “కన్నుదేమున్నది సారూ. గిది సినిమానా? గిది సైన్సు. మీ లెక్కే ఖరారు.” కార్బన్ నారలు లేవకుండా, కోసే చోట తెల్లటి టేపు వెడల్పుగా చుట్టాడు. రంపం తీశాడు, మళ్లీ కింద పెట్టాడు. “చాయ్ తాగి కోద్దాం. చాయ్ పడకుంట కోస్తె చెయ్యి వణుకుతది,” అని ఎదురుగా ఉన్న హోటలుకి పోయాడు.

అప్పుడు చూశాను. నా ఎడమ మోకాలికి జానెడు దూరంలో, పేపరు మీద, నల్లగా, చంటిపిల్ల గాజంత. బేరింగు మూత. తుడిచి పక్కన పెట్టి ఎక్కించడం మరిచిపోయాను. అది లేకుండా కొలిచాను కాబట్టి దాని ఎత్తు మేరకి గొట్టం పొట్టిదైపోతుంది. హ్యాండిల్ అంత కిందికి పోతుంది.

చూసి ఏం చేశాను? వెర్నియర్ కాలిపర్స్ తీసి దాని ఎత్తు కొలిచాను. కొలిచి, ఎక్కడిది అక్కడే పెట్టాను.

ఆయన రావడానికి ఎనిమిది నిమిషాలు పట్టింది. ‘అన్నా, ఆగు’ అనడానికి ఒక సెకను చాలు. అంటే నాలుగు వందల ఎనభైసార్లు చెప్పగలిగేవాణ్ణి. ఆ ఎనిమిది నిమిషాల్లో నా బుర్రలో ఆయన నడుము లేదు. ఆరు నలభై ఒకటి ఉంది. డెబ్బై గ్రాములు ఉన్నాయి. ‘ఫోకస్ అన్న ఉన్నాడా అండీ’ ఉంది. ఆయన రెండు గ్లాసులూ ఒక్క చేత్తో పట్టుకుని, చుక్క ఒలకకుండా వచ్చి నా ముందు పెట్టాడు. ఒక గుక్క తాగి నేను అన్న మాట ఇది: “చక్కెర ఎక్కువైంది.”

కోశాడు. తడిగుడ్డ అడ్డం పెట్టి, తొందర లేకుండా, నిట్టనిలువుగా. అంత శుభ్రమైన కోత నేను చూడలేదు. ముక్క ఆయన అరచేతిలో పడింది.

మళ్లీ ఎక్కించేటప్పుడు ఆయనే మూతని చూశాడు. తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, గొట్టం వైపు చూశాడు. ఆ చూపు ఎంతసేపో లేదు.

“అరె,” అన్నాడు. “సారూ, గిది మర్చిపోయినం.”

మర్చిపోయినం అన్నాడు. మర్చిపోయిండ్రు అనలేదు. తప్పులో సగం, నేను అడగకుండానే, తన వాటాగా తీసుకున్నాడు. కోసిన ముక్కని టేపుతో సహా జేబులో వేసుకున్నాడు.

“ఫోర్కు ఇంకోటి దొరుకుతుందేమో నేను చూస్తాను,” అన్నాను.

“ఫికర్ వద్దు సారూ. గీ బిగింపు బోర్లేస్తె సరి.” బిగింపుని తలకిందులుగా పెడితే హ్యాండిల్ పైకి లేస్తుంది, కాని కావలసినంత కాదు. పైగా ఆ నల్లటి సైకిలుకి అది కొంగ మెడలా పైకి లేచి వింతగా ఉంది. కుర్రాళ్లు చూసి, చక్రాల్ని మెచ్చుకున్నారు.

ఫోర్కు నేను చూడలేదు. ఒక్కరిని కూడా అడగలేదు.

ఆయన తొక్కాడు. మూడు నెలలు. ఎత్తు సగంలో దిగి, ఎవరిదో కాంపౌండు గోడకి సైకిలు ఆనించి, నడుము మీద రెండు చేతులూ పెట్టుకుని వెనక్కి విరుచుకునేవాడు. నేను దాటిపోతుంటే వెనకనుంచి అరిచేవాడు. “మీకు నాకు నలభై అడుగులు సారూ! పొండ్రి, పొండ్రి, ఆగకుండ్రి!” నలభయ్యే అయి ఉంటుంది. పైకి మొదట నేనే చేరేవాణ్ణి. నా సమయం ఆరు యాభై రెండుకి దిగింది. అక్కడితో ఆగింది. ఆరు నలభై ఒకటి నా సైకిలుకి తెలుసు, నాకు తెలియదు.

చలికాలం వచ్చేసరికి ఆయన సైకిలు గోడకెక్కింది. ఆదివారాలు కొన్నాళ్లు వచ్చాడు, కుర్రాళ్ల బోల్టులు బిగించడానికి. తర్వాత డిజిటల్ కెమెరాలు వచ్చాయి. తెర మీద చూసుకుంటూ ఫోకస్ తిప్పేవాళ్లు వచ్చారు. కంటితో కొలిచేవాడి అవసరం తగ్గింది. నేను షెడ్డు కొండాపూర్ వైపు మార్చాను. పండక్కి ఫోన్ చేసేవాడు, ఎప్పుడూ తనే. “సారూ, లెక్కలు మంచిగున్నయా?” ఉన్నాయనేవాణ్ణి.

కిందటి నెల పోయాడని పాత కుర్రాళ్లలో ఒకడు చెప్పాడు. ఇప్పుడు వాడికీ జుట్టు నెరిసింది. వెళ్లి చూసి వచ్చాను. చాలామంది వచ్చారు. నేను పోతే ఇంతమంది వస్తారా అని అక్కడ నిలబడి లెక్క వేశాను. రారు.

కిందటి వారం ఆయన కూతురు మా ఇంటికి వచ్చింది. మాదాపూర్‌లో ఉద్యోగం. సైకిలుని ఆటోలో వేసుకుని తెచ్చింది.

“లెక్కల సారు అంటె మీరే గద అంకుల్? గిది అమ్ముదమనుకుంటున్నం. మీరైతె సరిగ్గ లెక్క కట్టి చెప్తరని అమ్మ అన్నది.”

కూర్చోమన్నాను. మా ఆవిడ చాయ్ ఇచ్చింది. ఆ పిల్ల సంచిలోంచి ఒక నల్లటి గొట్టం ముక్క తీసి టేబుల్ మీద నిలబెట్టింది. “గిది గూడ దాందే. నాన్న పెన్సిళ్లు పెట్టుకుంటుండె.”

గుర్తుపట్టాను. టేపు లేదు. టేపు ఉండాల్సిన చోట, గొట్టం చుట్టూ, తెల్ల పెన్సిల్ గీత.

“ఈ గీత ఏంటమ్మా?”

“నేను గూడ అడిగిన అంకుల్, టేపు ఊడిపోయిన దినం.” నవ్వింది. నవ్వితే ఆయనే. “‘గీత నా కన్ను చెప్పింది బిడ్డా, గీ కొస సారు లెక్క చెప్పింది’ అన్నడు. మరి సారుకు చూపియ్యలేదా అన్న. ‘ఏ, వద్దు. సారుకు ఉన్నదే లెక్క. అది తప్పిందని తెలిస్తె మనిషి ఇగ ఏం పట్టుకొని బతుకుతడు’ అన్నడు. ఇప్పుడు చెప్తె ఏమైతది లెండ్రి, గిన్నేండ్లాయె. మీరు నవ్వుతరని చెప్తున్న.”

నవ్వాను. ఆ పిల్ల చాయ్ తాగుతున్నంతసేపు, ‘అమ్మా, ఆ రోజు లెక్క పొరపాటున తప్పలేదు, కోతకి ముందే మూతని చూశాను’ అన్న మాట నాలుక మీద ఉంది. అక్కడే ఉండిపోయింది. “సైకిలు ఉంచి వెళ్లు, చూసి చెప్తాను,” అన్నాను. ఇందుకే ఇది రాస్తున్నాను. రాస్తే ఆ పిల్ల చదువుతుంది.

ఆమె వెళ్లాక వెర్నియర్ తీశాను. గీతకీ కోసిన కొసకీ మధ్య కొలిచాను. పెన్సిల్ గీత మందం ఒక మిల్లీమీటరు ఉంది. పై అంచుకి పెడితే పదిహేను పాయింట్ ఎనిమిది. కింది అంచుకి పెడితే పద్నాలుగు పాయింట్ ఎనిమిది. గీత మధ్యకి పెట్టాను. మూడుసార్లు పెట్టాను. ఆ రోజు మూత ఎత్తు రాసుకున్న పాత పుస్తకం వెతికి పక్కన పెట్టుకున్నాను. ఆ ఎనిమిది నిమిషాల్లో దాన్ని రాసుకున్నాను కూడా, అలవాటు ఎక్కడికి పోతుంది. రెండూ ఒకటే.

టేపు లేకుండా, నడుం నొప్పితో వంగి, ఒక కన్ను మూసి, ఆయన గీసిన గీత అది. అంత సరైన గీతని, నన్ను నమ్మి, తన చేత్తో టేపు చుట్టి కప్పేశాడు. నాకు మళ్లీ అసూయే వచ్చింది. కన్ను చూసి కాదు. ఎవరి మాటైనా అంత నమ్మడం నాకు ఒక్కసారి కూడా చేతకాలేదు.

ఈ వారమంతా ఆ ఫోర్కు కోసం వెతికాను. ఇరవై మూడు ఫోన్లు చేశాను. ఆ రకం చేయడం మానేసి చాలా ఏళ్లయిందన్నారు. ఆయన మాఫీ చేసింది మరిచిపోయిన మూతని. చూసి ఊరుకున్న మూత ఆయన దాకా వెళ్లనే లేదు. కాబట్టి అది కొట్టివేయడానికి లేదు, తీర్చడానికి సరుకు లేదు, అడగడానికి మనిషి లేడు.

పదిహేను పాయింట్ మూడు మిల్లీమీటర్లు.